ఇప్పచెక్క నీళ్ళు

"వలకు ఇటు దిక్కు సదయ్య, అటు దిక్కు సామ్యేల్. జెండా పండుగ నాటికి ఎవని దిక్కు సాపుగ ఉంటే మాలి పోస్టు వానిది. ఇగ నా పానం తినకుండ్రి."

ఆ మాట అనేసి లింగమూర్తి గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన బొగ్గుగనుల కంపెనీ ఎస్టేటు సెక్షన్‌లో గుమాస్తా. క్వార్టర్లకు సున్నం వేయించడం, మురికికాల్వలు తీయించడం, ఆఫీసర్ల క్లబ్బులో చెట్ల మంచిచెడ్డలు చూడడం ఆయన కొలువు. క్లబ్బుకు ఒక్క మాలి పోస్టు మంజూరైంది. అడిగేవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ గనిలో దెబ్బతిన్నవాళ్ళే. ఒకరికి ఇస్తే రెండోవాడి ఉసురు తగులుతుంది, యూనియన్ వాళ్ళు వచ్చి బల్ల గుద్దుతారు. అందుకని తీర్పు చెప్పే పనిని ఆయన తెలివిగా టెన్నిస్ కోర్టు మీదికి నెట్టేశాడు. గడ్డిని ఎవరు నిలదీస్తారు?

సదయ్య ఎడమ మోకాలు బొగ్గు టబ్బు కింద నలిగింది. సామ్యేల్ కుడిచేతి వేళ్ళు మూడింటిని టబ్బులు లాగే ఇనుపతాడు తీసుకుపోయింది; బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. డాక్టరు రాసిచ్చిన లైట్ జాబ్ ఈ నెలతో సరి. పోస్టు దొరికినవాడు గడ్డి కోసుకుంటూ వెలుతురులో బతుకుతాడు. దొరకనివాడు మళ్ళీ తట్టా, చెమ్మస్ అనే పెద్ద పారా పట్టుకుని బొగ్గు నింపడానికి దిగాలి. దిగనంటే పేరు కొట్టేస్తారు, క్వార్టరు ఖాళీ చేయమంటారు. మోకాలు వంగనివాడు ఆ ఏటవాలు బాట ఎట్లా దిగుతాడు, రెండు వేళ్ళవాడు చెమ్మస్ ఎట్లా పడతాడు అని ఎవరూ అడగలేదు.

కోర్టుకు వచ్చిన జబ్బు ఎర్రలు. బడి పుస్తకాల్లో వీటిని వానపాములంటారు. రామగుండం వైపు ఎరువుల ఫ్యాక్టరీకి పునాదులు తవ్వుతున్న ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పొద్దున లేచి చూస్తే పచ్చగడ్డి మీద ఎవరో సన్న మురుకులు ఒత్తి పెట్టినట్టు ఎక్కడ చూసినా మట్టి చుట్టలు. లోపల మట్టి తిని, పైకి వచ్చి కక్కిపోయినట్టు వదిలిన మట్టి అది. కిందటి వారం క్లబ్బు సెక్రటరీ సారు డాక్టరుతో ఆడుతుంటే బంతి ఒక చుట్ట మీద పడి పక్కకు పోయింది. ఆట కూడా పోయింది. ఓడిన కోపం డాక్టరు మీద చూపించలేక ఎర్రల మీద చూపించాడాయన. జెండా పండుగనాడు పెద్ద ఆఫీసర్లు వచ్చి ఆడతారు, అప్పటికి నేల అద్దంలా ఉండాలన్నాడు.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ చెరోపక్క పనికి దిగారు. పొడుగాటి వెదురుబద్దను నేల మీద అటూ ఇటూ ఆడిస్తే ఆరిన మట్టి చుట్టలు పొడై చెదిరిపోతాయి. తడి మీద ఆడిస్తే మాత్రం పేడ అలికినట్టు గడ్డికి అంటుకుంటుంది. ఎండ రావాలి, మట్టి ఆరాలి, అప్పుడు ఊడవాలి. ఎండ రాదు. ఎదురుచూస్తూ ఇద్దరూ వలకు చెరోపక్క గొంతుక్కూర్చున్నారు. సదయ్య కూర్చున్నాడనడం కంటే ఎడమకాలు బారచాపి ఒరిగాడనడం నిజం.

సామ్యేల్ ఒక ఎర్రను అరచేతిలో వేసుకుని చూస్తున్నాడు. కొత్తగూడెంలో తండ్రి, తాత అందరూ గని మనుషులే. గుంటెడు భూమి ఎరగని ఇల్లు.

"తమ్మీ, దీనికి మొకమేది, తోకేది?"

"దానికే ఎరుక" అన్నాడు సదయ్య.

"మా సుసన్న బడిల ఆయా గద. సైన్సు సారు చెప్తుంటె తలుపుకాడ నిలబడి ఇన్నదట. దీనికి కండ్లు లేవట, ముక్కు లేదట. తోలుతోనే గాలి పీల్చుకుంటదట. తోలు ఆరిందా, సచ్చిందే. ఇంకో ముచ్చట ఇను. మొగది ఏరే, ఆడది ఏరే లేదట. ఒక్కదాంట్లనే రెండూనట."

"గీ ముచ్చట లింగమూర్తి సారుకు చెప్పరాదే! ఒక్క పోస్టుల ఇద్దర్ని పెట్టొచ్చని."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఒకే వరుస క్వార్టర్లలో ఉంటూ, ఒకే షిఫ్టులో దిగుతూ అట్లా ఎన్నిసార్లు నవ్వుకున్నారో. కానీ ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఇద్దరి మధ్యా వల ఉంది. సామ్యేల్ ఎర్రను నేల మీద పెట్టి, వెదురుబద్ద తీసుకుని తన పక్కకు వెళ్ళిపోయాడు.

*

"ఇప్పచెక్క నానేసి పొయ్యరాదు" అంది పోశవ్వ ఆ పూట అన్నం పెడుతూ.

సదయ్య ముద్ద ఆపి పెళ్ళాం ముఖం చూశాడు.

"మా అవ్వగారింటికాడ వాగుల చాపలు పట్టెతందుకు పోస్తుండ్రి. నురుగు నురుగు లేస్తది. చాపల సంగతేమో గని, ఆ నీళ్ళు తాకినకాడ ఒడ్డున్న ఎర్రలన్ని ఆగమాగం పైకొస్తుండె. తోలు మండుతదేమో."

సదయ్యకు కూడా చిన్నప్పటి ఆ నురుగు గుర్తొచ్చింది. ఇంత సుళువైన ఉపాయం తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు. ఇప్పగింజల నూనె తీశాక మిగిలిన చెక్క గానుగకాడ ఎంతకంటే అంత దొరుకుతుంది.

"పైకొచ్చినయి సంపకు" అంది పోశవ్వ. "మంచినీళ్ళల్ల జాడిచ్చి నాకు తే. పుంటికూర మళ్ళ ఏసుకుంట. గీ మట్టిల బొగ్గు తప్ప ఏమున్నది?"

"తెస్త తియ్" అన్నాడు సదయ్య. అప్పుడు ఆ మాట నిజంగానే అన్నాడు.

*

మరుసటి రోజు బుధవారం. సాయంత్రం ప్రార్థన ఉందని సామ్యేల్ పెందలాడే పని ముగించి ఇంటికి వెళ్ళిపోయాడు. పండుగ దాకా కోర్టు మూసిపెట్టారు కాబట్టి ఆఫీసర్లెవరూ రారు. మొగులు పట్టి ఉంది కానీ చినుకు లేదు.

పొద్దుటినుంచి పీపాలో నానుతున్న ఇప్పచెక్కను సదయ్య కట్టెతో కలియబెట్టాడు. సబ్బు నీళ్ళలాగా తెల్లటి నురుగు పొంగింది. పూలచెట్లకు నీళ్ళు చల్లే డబ్బాలో నింపి, కుంటుకుంటూ, వల దగ్గరి నుంచి వెనక గీత దాకా తన సగమంతా తడిపాడు. మధ్యలో ఒక్కసారి మోకాలు పట్టేసింది. డబ్బా కింద పెట్టి, కాలు రుద్దుకుని, మళ్ళీ లేచాడు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గడ్డి కదిలింది. ఒకటి తల బయటపెట్టింది. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే నేలంతా కదలడం మొదలుపెట్టింది. సన్నవి, లావువి, మెడకు లేతరంగు పట్టీ ఉన్నవి, ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతూ పైకి వచ్చాయి. వెలుతురంటే పడని ప్రాణాలు వెలుతురులోకి వచ్చి కొట్టుకుంటున్నాయి. గనిలో పొగ కమ్మినప్పుడు మనుషులు పైకి ఉరికినట్టు ఉంది.  సదయ్య రెండు చేతులతో ఏరడం మొదలుపెట్టాడు.

ఏరినవాటిని మంచినీళ్ళ బకెట్లో వేసి జాడించి, తడిపిన గోనెసంచిలోకి తోడాడు. ముందు నీరసంగా వేలాడినవి తడిలో మళ్ళీ కదిలాయి. సంచి బరువెక్కింది. ఎంత నేలకు ఎన్ని ప్రాణాలు! మూతి ముడిచి భుజాన వేసుకోబోతూ సదయ్య వలవైపు చూశాడు.

అవతల సగం మసకలో ప్రశాంతంగా ఉంది. సామ్యేల్ దినమంతా ఊడ్చి ఊడ్చి వెళ్ళాడు. తన సగం రేపటి నుంచి అద్దమే, అందులో అనుమానం లేదు. కానీ సామ్యేల్ కూడా ఎక్కడో వినొచ్చు, ఇప్పచెక్క తేవచ్చు, ఆ సగం కూడా అద్దమైపోవచ్చు. అప్పుడు? మోకాలి గురించి ఆలోచించాడు. గనిలోకి దిగే ఆ జారుడు బాట, పక్కన తాడు, కింద చీకటి. ఒక్కసారి కాలు మడత పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.  ఇది పాపమని తెలియనివాడేం కాదు. తెలిసే వల ఎత్తి అవతలికి దూరాడు.

సామ్యేల్ సగం మధ్యలో నిలబడి సంచిని తలకిందులు చేసి, అటూ ఇటూ తిరుగుతూ విదిలించాడు. అక్కడక్కడా డబ్బాతో మంచినీళ్ళు చల్లాడు. ఎర్రలు పడ్డచోటల్లా క్షణం సేపు కుప్పగా కదిలి, తలలు దూర్చి, మట్టిలోకి జారిపోయాయి. చివరిది లోపలికి పోయేదాకా నిలబడ్డాడు. తల ఎత్తితే కంచె అవతల బాట మీద ఎవరో ఆడమనిషి ఆగి ఉంది. చేతిలో గొడుగు, దానికి ఒకచోట తెల్లగుడ్డ అతుకు. సదయ్య ఖాళీ సంచిని వెనక్కి దాచాడు. ఆమె ఏమీ అనకుండా ముందుకు సాగిపోయింది.

"ఎర్రలేవీ?" అంది పోశవ్వ, ఇంటికి రాగానే.

"మురికికాల్వల పారేసిన."

"అయ్యో, బంగారమసొంటి ఎర్రలు! ఒక్క సంచి మోస్కరాను చాతగాలేదా?"

"మోకాలు గుంజింది" అన్నాడు సదయ్య. అబద్ధం చెప్పడానికి ఆ మోకాలు బాగానే ఉపయోగపడింది.

*

పొద్దున సామ్యేల్ సగం చూసి లింగమూర్తి గొడుగుతో నేలను పొడిచాడు.

"ఏందోయ్ ఇది? అమ్మోరు పోసినట్టున్నది! నిన్నటికి రెండింతలైనయ్ గదనోయ్! ఆ దిక్కు చూడు. వానిది అద్దమున్నట్టున్నది. వాడు మనిషి గాదా? వానికి కాలు కుంటి గాదా?"

సామ్యేల్ ఊడవడం ఆపలేదు. వెదురుబద్దను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళూ ఆసరా ఇచ్చి ఆడిస్తున్నాడు. నాలుగు ఊపులకోసారి బద్ద జారి పడుతోంది. వంగి తీసుకుంటున్నాడు, మళ్ళీ ఊపుతున్నాడు. లింగమూర్తి సదయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నీకే రాసిపెట్టున్నదోయ్. ఈ రెండు దినాలు జర రోలరు మంచిగ గుంజు. ఒక్క తొర్ర కనబడద్దు. సెక్రటరీ సారు చూస్తే ఖుషీ కావాలె."

సదయ్య ఖుషీ కాలేదు, కానీ రోలరు గుంజాడు. పోశవ్వ కూడా వచ్చి ఇనుప పిడి మీద ఒక చేయి వేసింది. తడినేల మీద ఆ రాతి రోలరు దొర్లినకొద్దీ ఎర్రలు వదిలిన సన్నటి బొక్కలన్నీ పూడుకుపోయి, నేల గచ్చులాగా గట్టిపడింది. అడుగేస్తే అడుగు జాడ పడలేదు. పోశవ్వ మురిసిపోయి కాలిమడమతో తట్టి చూసింది.

"ఇగ దీనిమీద ఒడ్లు నూర్వచ్చు" అంది.

సదయ్య వెనక్కి తిరగలేదు. వల అవతల బద్ద ఊపుతున్న చప్పుడు ఆగింది. సామ్యేల్ వల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, నీ దిక్కు ఎర్రలు ఎట్ల పోయినయ్?"

పోశవ్వ నోరు తెరవబోయింది. సదయ్య ఆమెకంటే ముందే అన్నాడు.

"నాకేం ఎరుక? వాటంతట అయ్యే పోయినయ్."

పోశవ్వ మొగుడి ముఖం చూసింది. సామ్యేల్ తల ఊపి, "నీ నసీబు మంచిగున్నది" అని వెనక్కి వెళ్ళాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే సదయ్యకు కొంచెం తేలికయ్యేది.

"ఎందుకు దాస్తున్నవ్?" అంది పోశవ్వ. "ఇప్పచెక్క ముచ్చట చెప్తే ఏం బోతది?"

"పోస్టు బోతది" అన్నాడు సదయ్య, కసురుకుంటూ.

జెండా పండుగకు ముందటి సాయంత్రం వాడకట్టు నల్లా దగ్గర సదయ్య బిందె పెట్టి నిలబడ్డాడు. సామ్యేల్ పెళ్ళాం సుసన్న బడినుంచి వస్తూ అక్కడ ఆగింది. ఎప్పుడూ "ఏం మరిదీ, నీళ్ళు మీరే మోస్తున్నరా?" అని వేళాకోళం ఆడే మనిషి. ఇవాళ ఒక్క మాట లేదు. సదయ్య కళ్ళు ఆమె చేతికి వేలాడుతున్న గొడుగు మీద పడ్డాయి. నల్ల గొడుగుకు తెల్లగుడ్డ అతుకు.

ఆమె అతని బిందె వంక, అతని వంక చూసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల సామ్యేల్ గొంతు ఒక్కసారి పెద్దగా లేచి, చప్పున తగ్గిపోయింది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా సదయ్యకు తెలియలేదు.

తెలిసిపోయింది. రేపు పొద్దున అందరి ముందూ అడుగుతాడు. ఏమని చెప్పాలి? సుసన్న చూసింది తనను కాదనాలా? చీకటి పడిందనాలా? ఒక్కో అబద్ధాన్నీ నోట్లో వేసుకుని రుచి చూసినట్టు చూశాడు. అన్నం సహించలేదు. పోశవ్వ అడిగితే కాలు నొప్పన్నాడు. ఆ వేళకే గోదావరి వైపు నుంచి ఉరుము వినబడింది. వాన మొదలైంది. రేకుల మీద రాళ్ళు పోసినట్టు తెల్లవారుజాము దాకా కురిసింది.

*

వాన తెరిపివ్వగానే సదయ్య కోర్టుకు వెళ్ళాడు. గేటు దగ్గరే కాళ్ళు నిలిచిపోయాయి.

తన సగం చెరువులా ఉంది. రోలరుతో గట్టిపరిచిన నేల మీద వెనక గీత నుంచి వల దాకా చీలమండ లోతు నీళ్ళు నిలబడి, అందులో మబ్బు కనబడుతోంది. సున్నపు గీతలు కరిగి తెల్లగా తేలుతున్నాయి. వలకు అవతల సామ్యేల్ సగంలో చుక్క నీరు లేదు. వానకు మట్టి చుట్టలన్నీ కడుక్కుపోయి గడ్డి తలంటుకున్నట్టు శుభ్రంగా ఉంది. పడ్డ వానను పడ్డట్టే నేల తాగేసింది. వేలవేల బొక్కలు లోపల.

అప్పుడు గుర్తొచ్చింది సదయ్యకు. తొలకరి పడగానే నాయిన చెల్కలో పిడికెడు మట్టి తీసి, అందులో ఎర్ర కదిలితేనే నాగలి కట్టేవాడు. 'ఎర్రలున్న చెల్కకు దూప ఎక్కువ బిడ్డా, ఎంత పోసినా తాగుతది' అనేవాడు. ఆ చెల్క మీదనే ఆడి పెరిగిన తను ఆ మాట ఎట్లా మరిచిపోయాడు? నేల గచ్చులా ఉండాలని ఆఫీసర్లు అంటే తనకూ అదే నిజమైపోయింది. తన సగం నోరు తనే కుట్టి, తన నేల ప్రాణాన్ని సంచిలో పోసి అవతలివాడికి ఇచ్చాడు.

సామ్యేల్, సుసన్నా అప్పటికే వచ్చి ఉన్నారు. పోశవ్వ కుంటిమొగుడి వెనకే పరుగున వచ్చి నీళ్ళు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లింగమూర్తి సెక్రటరీ సారును వెంటబెట్టుకుని వచ్చాడు. సారు తెల్లటి బూట్లు తడవకుండా గట్టు మీద నిలబడి రెండు సగాలనూ మార్చి మార్చి చూశాడు.

"అదేంటయ్యా, ఒకటే కోర్టు కదా! ఆ సగం అట్లా, ఈ సగం ఇట్లా ఎందుకుంది? నువ్వేం చేశావు?" అని సామ్యేల్‌ను అడిగాడు.

సామ్యేల్ గొంతు సవరించుకున్నాడు. సదయ్య నీళ్ళవైపు చూశాడు. ఇక చెబుతాడు.

"నేనేం చెయ్యలే సార్. నా దిక్కు ఎర్రలు తెచ్చి పోసింది సదయ్య. నా ఇంటామె కండ్లార చూసింది. లొల్లయితదని రెండు దినాలు దాచి, నిన్న చెప్పింది నాకు." అతను సదయ్య వైపు తిరిగాడు. "రాత్రంత నిన్ను తిట్టుకున్న తమ్మీ. నాది కరాబు చేసెతందుకే పోసినవనుకున్న. పొద్దుగాల్ల వచ్చి చూస్తే నాకు అర్థమైంది. నువ్వు రైతు బిడ్డవు. వానొస్తదని, ఎర్రలుంటే నీళ్ళు ఇంకుతయని నీకెరుక. నీ దిక్కుయి నాకిచ్చి, నువ్వు మునిగినవ్. నిన్ను పాడుమాటలన్న. మాఫ్ చెయ్యి."

మొక్కడానికి రెండు చేతులూ ఎత్తాడు. ఎడమచేతి ఐదు వేళ్ళకు ఎదురుగా కుడిచేతి రెండు వేళ్ళు వచ్చి ఆనాయి. సుసన్న కూడా తల దించుకుంది.

"అట్లాగా!" అన్నాడు సెక్రటరీ సారు. ఆయనకు ముచ్చటేసింది. "మరి నేల సంగతి తెలిసినవాడు ఇతనే కదా లింగమూర్తీ! ఇతన్నే పెట్టుకో. ఏమయ్యా, నువ్వేనా పోసింది?"

తల ఊపితే చాలు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, పోసింది తనే. పోశవ్వ కళ్ళు పెద్దవి చేసి మొగుడి వైపే చూస్తోంది. ఎర్రలను మురికికాల్వలో పారేశానన్నది అబద్ధమని ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆ చూపులో కోపముందో, ఒప్పుకో అన్న బతిమాలుడుందో సదయ్యకు అర్థం కాలేదు. వెలుతురులో బతుకు. మోకాలికి విశ్రాంతి. తల సగం ఊగింది కూడా. కానీ సామ్యేల్ ఇంకా చేతులు దించలేదు.

"పోసింది నేనే సార్" అన్నాడు సదయ్య.  "మంచికి మాత్రం గాదు. సామ్యేలన్న అనుకున్నదే నిజం. ఆయన దిక్కు కరాబు గావాలె, నాకు పోస్టు రావాలెనని పోసిన. నా దిక్కు ఇప్పచెక్క పోసి ఎర్రల్ని ఎల్లగొట్టిన. వానను నేనెరుగ, ఏమెరుగ."

 సామ్యేల్ చేతులు మెల్లగా కిందికి దిగాయి. ముఖంలో రంగు మారింది. తిట్టలేదు, మీదికి రాలేదు. అదే సదయ్యకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

సెక్రటరీ సారు గడియారం చూసుకున్నాడు. "మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండి. ఎనిమిదింటికి జెండా, ఆ తర్వాత ఆట. ముందు ఆ నీళ్ళు తోడండి, ఇద్దరూ!"

గోనెసంచులు తెచ్చారు. నీళ్ళలో పరిచి, పీల్చుకున్నాక ఎత్తి, గట్టు అవతల పిండాలి. సంచి నానితే మనిషంత బరువు. సామ్యేల్ ఒక సంచి ఎత్తి పిండబోయాడు. మెలి పెట్టడానికి కుడిచేతికి పట్టు లేదు. రెండోసారి ప్రయత్నించాడు, సంచి జారి నీళ్ళలో పడింది. సదయ్య దగ్గరికి వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. సామ్యేల్ అతని ముఖం చూడలేదు, కానీ కొస వదల్లేదు. ఒకరు ఇటు మెలితిప్పితే ఒకరు అటు మెలితిప్పారు. నీళ్ళు ధారకట్టి కారాయి. సంచి పరిచారు, ఎత్తారు, పిండారు. ఆడవాళ్ళిద్దరూ చీపుర్లు పట్టి నీళ్ళను గట్టు వైపు నూకారు.   దూరంగా బడిపిల్లలు జెండా పాట సాధన చేస్తున్నారు.

నీళ్ళు పోయాయి కానీ సదయ్య సగం బురదబురదగానే ఉంది. ఆఫీసర్లు ఆ పూట ఆట మానేసి మిఠాయి తిని వెళ్ళారు.

సాయంత్రం లింగమూర్తి సామ్యేల్‌కు పోస్టు ఖాయం చేశాడు. సదయ్యతో, "నోరు మూసుకోరాదా, పిచ్చోడా?" అన్నాడు. ఆయనకు నిజంగానే జాలేసింది.

ఇంట్లో పోశవ్వ పొయ్యి దగ్గర కూర్చుంది. "ఆనాడు ఎర్రలు నాకు తెచ్చిస్తే గింతదాక రాకపోయేది" అంది.  మూలనున్న అతని గని బూట్లు తీసి, బూజు తుడిచి, గడప దగ్గర పెట్టింది.

*

నెల నిండిన మరునాడు మొదటి షిఫ్టు. సదయ్య తలకు టోపీ, చేతిలో కర్ర, మోకాలికి గట్టిగా చుట్టిన గుడ్డతో బయలుదేరాడు. రాత్రంతా ఆ ఏటవాలు బాటే కళ్ళ ముందు ఉంది. భయంగా ఉందని ఎవరితోనైనా అంటే బాగుండు. ఇదివరకు అట్లాంటివి సామ్యేల్‌తో అనేవాడు. జెండా పండుగ నాటినుంచి అతను ఎదురుపడితే పక్కకు తప్పుకుంటున్నాడు. నల్లా దగ్గర సుసన్న బిందె పక్కకు జరిపి దారి ఇస్తోంది, అంతే.

గనికి దగ్గరి దారి క్లబ్బు కంచె పక్క నుంచే. అటు చూడకుండా పోదామనుకున్నాడు. కాని చూశాడు.

సామ్యేల్ వలకు ఇటువైపు, సదయ్య సగంలో, మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కన గోనెసంచి. తన సగం అంచుల్లో తవ్వి తెచ్చిన ఎర్రలను గుప్పెడు గుప్పెడు తీసి ఆ గట్టినేల మీద పెడుతున్నాడు. నేల ఎండిపోయి ఉంది. వాటికి తల దూర్చే చోటు దొరకడం లేదు. పొద్దు పొడిచి ఎండ మీద పడుతుంటే మెలికలు తిరుగుతున్నాయి. సామ్యేల్ రెండు వేళ్ళతో ఒకదాన్ని పట్టుకుని బొక్కలో దూర్చాలని చూస్తున్నాడు. అది జారిపోతోంది.

షిఫ్టు కూత మోగింది. సదయ్య ఒక అడుగు వేసి ఆగాడు. కంచె పట్టుకున్నాడు.

"సామ్యేలన్నా! ఎండిన నేల మీద పెట్టకు! ముందుగాల పలుగుతోటి పొడువు. నీళ్ళు చల్లు. నేల మెత్తగైనంక పొయ్యి. తోలు ఆరితే సస్తయని నువ్వే చెప్తివి గద!"

సామ్యేల్ వెనక్కి తిరగలేదు. లేచి, గట్టు మీదున్న పలుగు తెచ్చుకున్నాడు. ఎడమచేత్తో పొడిచాడు. నేల పెళ్ళలుగా లేచింది. డబ్బాతో నీళ్ళు చల్లాడు. ఎర్రలను మళ్ళీ పెట్టాడు. ఒకటి తల దూర్చింది.

సదయ్య కంచె వదిలి కదిలాడు. నాలుగడుగులు పోయాక వెనక నుంచి మాట వినబడింది.

"గింతనే చాలా నీళ్ళు?"

"ఇంకో డబ్బా" అన్నాడు సదయ్య, తిరిగి చూస్తూ.

సామ్యేల్ ఇంకా నేలవైపే చూస్తున్నాడు. "పని ఇడిసినంక మల్ల గీ తొవ్వనే వస్తవా?"

కూత రెండోసారి మోగింది. సదయ్య మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. 

"వస్త" అన్నాడు.

"జర మెల్లగ దిగు" అన్నాడు సామ్యేల్. "వచ్చేటప్పుడు చూసి పో."